నామలోపము, నామస్మరణము: యొత్సుయ సుగ దేవాలయ సందర్శనము

నామాలన్నీ ధాతుజాలేనని శాకటాయనుని పక్షం; అన్నీ కావని గార్గ్యుని పక్షం. యాస్కుడు మొదటి పక్షాన్ని సమర్థించిన సంగతి మనలో ప్రతివారూ విద్యార్థిదశలో చదివినదే, ఉపాధ్యాయదశలో చెప్పుచున్నదే. పేరు ఎట్లా పుట్టినదన్న విచారణకు మన పాఠ్యక్రమాలలో ఇంత చోటున్నది గాని, పేరు ఎట్లా పోతుంది, పోయిన తరువాత ఏమి మిగులుతుంది అన్న ప్రశ్నకు అంత చోటు లేదు. ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో కలిగినది కాదు. జపాను దేశంలో, టోక్యో నగరంలో, ఒక దేవాలయపు మెట్ల మీద కలిగినది. ఆ మెట్లకు లోకప్రసిద్ధి తెచ్చినది పురాణం కాదు, ఒక యానిమేషన్ చలనచిత్రం. ప్రాచ్యవిద్యాపత్రికలో చలనచిత్ర ప్రసక్తి ఏమిటని విజ్ఞులు సందేహింపవచ్చును. కొంత ఓపిక పట్టవలెనని మనవి.

ఆ చిత్రం పేరు ‘కిమి నొ నా వ’. ‘నీ పేరు’ అని అర్థం; చివరనున్న ‘వ’ అనే ప్రత్యయం వల్ల ‘నీ పేరేమి’ అన్న ప్రశ్న సగంలో ఆగినట్లు ధ్వనిస్తుంది. షిన్‌కాయ్ మకొతొ దర్శకత్వంలో 2016 ఆగస్టు 26న జపానులో విడుదలైనది. ఆ ఒక్క దేశంలోనే 2500 కోట్ల యెన్‌లకు మించి ఆర్జించినది. హిదా ప్రాంతపు కొండలలో ఇతొమొరి అనే కల్పిత గ్రామం. అక్కడి మియమిజు ఆలయంలో దేవపరిచారికగా ఉన్న మిత్సుహ అనే బాలిక, టోక్యోలో చదువుకొంటున్న తకి అనే బాలుడు కథానాయికానాయకులు. నిద్రావస్థలో వీరిద్దరికీ పరస్పరం పరకాయప్రవేశం జరుగుతుంటుంది. మేలుకొన్న తరువాత కల చెదిరినట్లు ఒకరి పేరు ఒకరికి మరపునకు వస్తుంది. తోకచుక్క శకలం పడి గ్రామం నాశనమయ్యే వృత్తాంతం దీనితో పెనవేసుకొని ఉన్నది. కథాంతంలో, ఏండ్లు గడచిన తరువాత, ఎవరిని వెతుకుచున్నారో తమకే తెలియని ఆ ఇద్దరూ ఒక మెట్లదారిలో ఎదురుపడి ఒకరినొకరు పేరు అడుగుతారు. ఆలయం కల్పితం, గ్రామం కల్పితం. ఆ మెట్లదారి మాత్రం కల్పితం కాదు. అది షిన్‌జుకు మండలంలోని యొత్సుయ పేటలో ఉన్న సుగ దేవాలయానికి చేరినది. దానిని ‘ఒతొకొజక’, అనగా పురుషసోపానం అంటారు. నిటారుగా ఉన్న దారికి పురుషనామం, వాలుగా ఉన్న దారికి స్త్రీనామం పెట్టడం ఆ దేశపు ఆలయాలలో వాడుక.

ఇటువంటి చిత్రాలలో కనిపించిన స్థలాలను వెళ్ళి చూడడాన్ని జపానువారు ‘సెయిచి జున్‌రెయి’ అంటున్నారు. ‘సెయిచి’ పుణ్యస్థలం, ‘జున్‌రెయి’ తీర్థయాత్ర. పశ్చిమప్రాంతంలోని 33 అవలోకితేశ్వర క్షేత్రాల ప్రాచీనయాత్రకు వాడిన మాటనే వినోదయాత్రకూ వాడినారు. 2016లో ఆ సంవత్సరపు ప్రచారపదాల ఎంపికలో ఈ మాట మొదటి పదింటిలో చేరినది. పెద్దలు నవ్వుకొనదగిన మాటే. అయినా కథ జరిగిన చోటును కంటితో చూడవలెనన్న కోరిక మనకు కొత్త కాదు. భద్రాచలం వెళ్ళినవారు పర్ణశాల చూడకుండా తిరిగి వచ్చుటకు ఇష్టపడుదురా?

మరునొఉచి మార్గంలోని యొత్సుయ సన్‌చొమె స్టేషనులో దిగి పది నిమిషాలు నడిస్తే ఈ ఆలయం వస్తుంది. ఇరుకు సందులు, చిన్న చిన్న ఇండ్లు, ఇండ్ల ముందు పూలకుండీలు. పుణ్యక్షేత్రానికి వచ్చినామన్న సూచన ఎక్కడా లేదు. సందు మలుపు తిరగగానే ఎఱ్ఱని కమ్మీలతో మెట్లదారి కనిపించినది. నేను వెళ్ళిన నాడు పలుదేశాల యువతీయువకులు వరుసలో నిలిచి తమ వంతు కోసం వేచియున్నారు. ఒకరు పైమెట్టు మీద, ఒకరు క్రిందిమెట్టు మీద నిలిచి, చిత్రంలోని భంగిమను అనుకరించి ఛాయాచిత్రం తీయించుకొని వెళ్ళిపోవుచున్నారు. వారిలో కొందరే మరి నాలుగడుగులు వేసి ఆలయప్రాంగణంలోకి వచ్చినారు. వారిని తప్పుపట్టను. చిత్రం చూపినది మెట్లనే గాని దేవుని కాదు. అయితే ఆ నాలుగడుగులు వేయనివారు తాము చూచిన చిత్రంలో సగాన్ని క్రిందనే వదలి వెళ్ళిపోయినారని నా అభిప్రాయం. దానికి కారణం ఆలయచరిత్రలో ఉన్నది.

ఈ ఆలయం మొదట అకసక ప్రాంతంలో ఉండిన ఇనారి ఆలయం. ఇనారి సస్యదేవత, ‘ఉక నొ మితమ’ అని శాస్త్రనామం. ఎదో కోటకు వెలుపలి అగడ్త త్రవ్వవలసి వచ్చినప్పుడు, 1634లో దీనికి ప్రత్యామ్నాయంగా ఇప్పటి స్థలం ఇచ్చినారు. 1637లో షిమబర తిరుగుబాటు చెలరేగగా, సైన్యసామగ్రిని గుఱ్ఱాలపై చేరవేసిన సేవకు ప్రతిఫలంగా దెన్‌మచో పేట పెద్దకు యొత్సుయలో భూమి లభించినది. ఆయన పేటకు సంబంధించిన దేవుడు అంతవరకు కంద ఆలయప్రాంగణంలో ఉండెను. 1643లో ఆ దేవుని తెచ్చి ఇనారి సరసన నిలిపినారు. అప్పటినుండి రెండు శతాబ్దాలకు పైగా ఈ ఆలయం ఆ రెండవ దేవుని పేరనే జనంలో ప్రసిద్ధమైనది. యొత్సుయ తెన్నో అని పిలిచినారు. ఆ దేవుని పూర్తి పేరు ‘గొజు తెన్నో’.

మనవారు చెవి ఒగ్గవలసిన పేరు ఇది. ‘గొజు’ అనగా గోశీర్షం, ఎద్దుతల. ‘తెన్నో’ అనగా దేవరాజు. బౌద్ధంలోని చతుర్మహారాజులను జపానువారు ‘షితెన్నో’ అనుటలో ఉన్నది ఈ తెన్నోయే. గొజు తెన్నో శ్రావస్తిలోని జేతవన విహారానికి రక్షకదేవత అని జపాను సంప్రదాయం. జేతరాజకుమారుని వృక్షాలు, అనాథపిండదుని వనం అన్న దీర్ఘసమాసాన్ని చీనీ అనువాదకులు తమ భాషలోనికి తెచ్చినారు. ఆ సమాసంలో మొదటి అక్షరాన్నీ చివరి అక్షరాన్నీ మాత్రం నిలుపుకొంటే, జపాను ఉచ్చారణలో ‘గిఒన్’ అవుతుంది. క్యోతోలో 869లో మహామారి శాంతికై ఆరంభమైనదని చెప్పే గిఒన్ ఉత్సవం పేరులో జేతుడు ఇంకను జీవించియున్నాడు. పర్యాటకులు వేలకొలది ఆ పేరు పలుకుదురు. అందులో ఒక కోసలదేశపు రాజకుమారుడు ఉన్నాడని ఎఱిగి పలుకువారు ఎందరో!

ఇంతవరకు వచ్చిన తరువాత, ఈ దేవుడు మన దేశంనుండి వెళ్ళినవాడే అని ప్రకటించుటకు మనసు తొందరపడుతుంది. అక్కడ ఆగవలెను. జేతవనానికి గోశీర్షుడనే రక్షకుడు ఉన్నాడని చెప్పే భారతీయగ్రంథం లేదు. ‘గోశీర్షచందనం’ సంస్కృతంలో ప్రసిద్ధం. బౌద్ధగ్రంథాలలో ఆ మాటను చీనీవారు ఎద్దుతల అన్న అక్షరాలతోనే అనువదించినారు. చందనం పేరునుండి దేవుని పేరు వచ్చినదన్న ఊహ పండితులలో లేకపోలేదు. కాని అది ఊహ. కొరియా సంబంధం చెప్పువారు ఉన్నారు, చీనా యోగవిద్యాసంబంధం చెప్పువారు ఉన్నారు. దేవుని పుట్టుక జపానులోనే జరిగి, భారతదేశపు చిరునామా గౌరవార్థం తగిలించినారనుటకే ఎక్కువ అవకాశం కనిపిస్తుంది. సామ్యం కనిపించినచోటనెల్ల మూలం మనదే అనుట ప్రాచ్యపరిశోధనకు పట్టిన పాతరోగం. దానికి మందు మన చేతిలోనే ఉన్నది.

గొజు తెన్నో రోగదేవత. రోగం తెచ్చువాడూ అతడే, తీర్చువాడూ అతడే. పోలేరమ్మ జాతర చూచినవారికి ఈ ద్వంద్వాన్ని వివరింపనక్కరలేదు. అతని మూలరూపం భైషజ్యగురు బుద్ధుడని మధ్యయుగపు మతసమన్వయం. అతని కథ ఒకటి ఉన్నది. ప్రయాణంలో పొద్దుగూకి దేవుడు ఆశ్రయం కోరినాడు. ధనికుడైన తమ్ముడు కాదన్నాడు. పేదవాడైన అన్న, సొమిన్ షోరయి, పడక పఱచి అన్నం పెట్టినాడు. మహామారి వచ్చినప్పుడు రెల్లుతో అల్లిన వలయం ధరించిన సొమిన్ వంశంవారు తప్ప తక్కినవారు నశించినారు. నేటికీ ‘సొమిన్ షోరయి సంతానం’ అని వ్రాసిన రక్షలు ఇండ్ల ద్వారాలకు కట్టుకొంటారు. బింగొ దేశపు ప్రాచీన స్థలవర్ణనలోనిదిగా ఉదాహృతమైన పాఠంలో ఆ పథికదేవుడు తాను సుసనోవోనని చెప్పుకొంటాడు. సూర్యదేవత అమతెరసుకు తమ్ముడు, స్వర్గంనుండి వెళ్ళగొట్టబడినవాడు సుసనోవో. ఈ విధంగా గొజు తెన్నో, సుసనోవో ఒక్కరే అన్న భావం స్థిరపడినది. ఒకే విగ్రహానికి రెండు పేర్లు; భక్తులకు ఇబ్బంది ఏమీ లేదు.

ఇబ్బంది ప్రభుత్వానికి కలిగినది. 1868లో మెయిజి ప్రభుత్వం దేవాలయాలను బౌద్ధంనుండి విడదీయ సంకల్పించినది. ఆ సంవత్సరం చాంద్రమానం మూడవ నెల 28వ నాటి ఉత్తర్వులో ‘గొంగెన్’, ‘గొజు తెన్నో’ వంటి బౌద్ధనామాలతో దేవుని పిలుచుచున్న ఆలయాలు తమ చరిత్రను వ్రాసి సమర్పింపవలెనని ఆజ్ఞాపించినారు. అంత పెద్ద రాజ్యం ఉత్తర్వులో పేరు పెట్టి ఎత్తి చూపిన దేవుడు ఇతడు. చక్రవర్తిని సూచించే ‘తెన్నో’ శబ్దం, ఈ ‘తెన్నో’ శబ్దం వ్రాతలో వేరైనా చెవికి ఒకటే కావడం కూడ అందుకు కారణమని కొందరి అభిప్రాయం. క్యోతోలోని గిఒన్ ఆలయం యసక ఆలయమైనది. యొత్సుయలోని తెన్నో ఆలయం సుగ ఆలయమైనది. విగ్రహాన్ని ఎవరూ పగులగొట్టలేదు, ఉత్సవం ఆపలేదు. పేరు మాత్రం తీసివేసినారు.

పెట్టిన కొత్త పేరు మాత్రం అందమైనదే. 712లో సంకలితమైన ‘కొజికి’లో సుసనోవో ఎనిమిది తలల సర్పాన్ని చంపి, ఆ సర్పానికి ఆహుతి కావలసిన కన్యను పెండ్లాడి, ఇల్లు కట్టుకొనుటకు చోటు వెతుకుచు ఇజుమొ దేశంలో ఒకచోటికి వస్తాడు. అక్కడ తన మనసు తేటపడినదని అంటాడు. తేటపడుటకు ఆ భాషలో ‘సుగసుగషి’ అని మాట. అందువలన ఆ చోటికి ‘సుగ’ అన్న పేరు వచ్చినదని గ్రంథకర్త నిర్వచనం. బ్రాహ్మణగ్రంథాలలోని నిర్వచనాలకు అలవాటుపడిన మనకు ఈ పద్ధతి చిరపరిచితం. ఇల్లు కట్టుచుండగా మేఘాలు లేచినవి. సుసనోవో ఒక పద్యం చెప్పినాడు. 31 అక్షరాల జపాను పద్యానికి అదే ఆది అని, 905 నాటి ‘కొకిన్‌షూ’ సంకలనానికి పీఠిక వ్రాసిన కి నొ త్సురయుకి నిర్ణయించినాడు.

ఆదికవి శోకం శ్లోకమైనది. వేటగాని బాణానికి కూలిన పక్షిని చూచిన దుఃఖంలో మన కవిత్వం పుట్టినదని మనం చెప్పుకొన్నాము. పోరు ముగించి, భార్యకు ఇల్లు కట్టుచు మనసు తేటపడిన క్షణంలో తమ కవిత్వం పుట్టినదని వారు చెప్పుకొన్నారు. రెండుచోట్లను ఒక వధ ముందు జరిగియున్నది. చంపినవాడే కవియగుట వారి కథలోని విశేషం. చంపినవానిని శపించినవాడు కవియగుట మన కథలోని విశేషం. అనుష్టుప్పునకు 32 అక్షరాలు, వారి పద్యానికి 31 అన్న సామీప్యం కాకతాళీయం. అందులోనుండి ఏమీ పిండరాదు.

యొత్సుయ ఆలయానికి ఈ కవిత్వసంబంధం పేరుతోనే ఆగలేదు. పేరు మారుటకు 32 సంవత్సరాలు ముందే, 1836లో, 36 మంది మహాకవుల చిత్రపటాలు ఈ ఆలయానికి చేరినవి. చిత్రకారుడు ఓఒక ఉన్‌పో. పద్యాలు వ్రాసిన లేఖకుడు చిగుస అరికొతొ. ఫుజివర నొ కిన్‌తో (966–1041) ఎంపిక చేసిన ఈ కవుల పట్టిక మన నవరత్నాల వలె జనశ్రుతిలో పుట్టినది కాదు, ఒక విమర్శకుని వివేచనఫలం. వారిలో అయిదుగురు స్త్రీలు. 1945 మే నెలలో జరిగిన వైమానికదాడులలో ఆలయభవనాలు చాలవరకు కాలిపోయినా ఈ పటాలు దక్కినవి. ఇప్పుడు షిన్‌జుకు మండలం వీటిని సాంస్కృతికసంపదగా గుర్తించినది. పీఠికాకర్త త్సురయుకి ఈ 36 మందిలో ఒకడు. సుసనోవోను ఆదికవిగా నిర్ణయించినవాని చిత్రం సుసనోవో ఆలయంలోనే ఉన్నదన్నమాట!

ఆ అయిదుగురు స్త్రీలలో ఒకతె ఒనొ నొ కొమాచి, తొమ్మిదవ శతాబ్దపు కవయిత్రి. ‘కొకిన్‌షూ’లో కలను గూర్చిన ఆమె పద్యాలు సుప్రసిద్ధాలు. ప్రియుడు కలలో కనిపించిన సందర్భాన్ని గూర్చిన పద్యం ఒకటి తన చిత్రానికి బీజమని షిన్‌కాయ్ చెప్పినాడు. చిత్రానికి మొదట అనుకొన్న పేరులో ఆ పద్యంలోని మాటలే ఉండినవి. అన్నాచెల్లెండ్లు స్త్రీపురుషవేషాలు మార్చుకొని జీవించే ‘తొరికయెబయ’ అనే ప్రాచీనకథ పేరు దానికి తోడైనది. పద్యబీజాన్ని ఇచ్చిన కవయిత్రి చిత్రం ఈ ఆలయంలో ఉన్నది. ఆ బీజం ఫలించిన దృశ్యం ఈ ఆలయపు మెట్ల మీద ఉన్నది. ఉద్దేశపూర్వకమా, యాదృచ్ఛికమా అన్న చర్చలోనికి నేను దిగను. మెట్ల దగ్గరనే ఆగిపోయినవారు చిత్రంలో సగాన్ని వదలి వెళ్ళినారని పైన అన్నది ఇందుకే.

చిత్రంలో మరొక చిన్న ఘట్టం ఉన్నది. మియమిజు ఆలయపు వృద్ధురాలు మనుమరాండ్రకు దారాలు అల్లుట నేర్పుచుంటుంది. రెండువందల ఏండ్ల క్రిందట అగ్నిప్రమాదంలో ఆలయపు వ్రాతలు కాలిపోయి, తాము చేసే నృత్యానికీ, అల్లికకూ ఉన్న అర్థం పోయినదని చెబుతుంది. అర్థం పోయినా రూపాన్ని పోనీయరాదని ఆమె పట్టుదల. పూర్వం తోకచుక్క పడిన జ్ఞాపకమే ఆ రూపాలలో దాగియున్నదని ప్రేక్షకునికి తరువాత స్ఫురిస్తుంది. పద, క్రమ, ఘనపాఠాలలో అర్థజ్ఞానంతో నిమిత్తం లేకుండ వేదాన్ని నిలుపుకొన్న సంప్రదాయానికి వారసులం కనుక, ఆ వృద్ధురాలి మాట మనకు పరాయిది కాదు. అర్థజ్ఞానం లేని అధ్యేతను బరువు మోసే స్తంభంతో పోల్చిన నిరుక్తసంప్రదాయం కూడ మనదే. రెండింటి నడుమ నిలుచుట కష్టం. స్తంభం కూడ లేకపోయినచో కప్పు నిలువదు గదా అని ఆ మెట్ల మీద నాకు తోచినది.

చిత్రంలో ఒక ఉపాధ్యాయిని ‘మన్యోషూ’ సంకలనాన్ని పాఠం చెప్పుచు ‘తసొగరె’ శబ్దాన్ని వివరిస్తుంది. మునిమాపు అని అర్థం. ‘ఆ వచ్చేది ఎవరు’ అన్న ప్రశ్న దానికి వ్యుత్పత్తి. మసక వెలుతురులో మనిషి ఆనవాలు తెలియని వేళ. చిత్రంలో నాయికానాయకులు ఒకరినొకరు నిజదేహాలతో చూచుకొనేది ఆ వేళలోనే. పేరు మరవకుండ అరచేతిలో వ్రాసుకొందామనుకొంటారు. ఆమె వ్రాయుట ముగియకముందే వెలుతురు పోతుంది. నేను ఆలయంలో ఉండగా కూడ ఆ వేళ అయినది. రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మరొకసారి వంగి నమస్కరించు ఆచారాన్ని పక్కవారిని చూచి అనుసరించినాను. అక్కడి ఆలయాల ముందు జంటగా నిలిచే శిలామృగాలలో ఒకటి నోరు తెరచి ‘అ’ అంటుంది, మరొకటి నోరు మూసి ‘ఉన్’ అంటుంది. సంస్కృతంలోని అకార హూంకారాలే అవి. బౌద్ధనామాలను తుడిచిన ఉత్తర్వు ఆ నోళ్ళను మూయించలేదు.

జనవ్యవహారం కూడ ఉత్తర్వును పూర్తిగా మన్నించలేదు. అయిచి ప్రాంతంలోని త్సుషిమ ఆలయంలో దీపాలనౌకల పండుగను ఇప్పటికీ తెన్నో పండుగ అనే పిలుస్తారు. టోక్యోలోని మినమి సెంజులో సుసనోవో ఆలయపు ఉత్సవం పేరు కూడ అదే. తిరుగుప్రయాణంలో హనెద విమానాశ్రయానికి మోనోరైలులో వెళ్ళుచుండగా దారిలో ఒక స్టేషను వచ్చినది. ఒకప్పుడు అక్కడ సముద్రంలో ఇసుకతిన్నె ఉండేదట. జాలరుల వలలో గొజు తెన్నో ముఖాకృతి ఒకటి పడినదట. అందుచేత ఆ తిన్నెకు తెన్నోజు, తెన్నో తిన్నె, అన్న పేరు వచ్చినదట. ఇప్పుడు ఎత్తైన భవనాలు తప్ప తిన్నె కనిపించదు. పెట్టెలోని ధ్వనియంత్రం ‘తెన్నోజు’ అని ప్రకటించినది, తలుపులు తెరచుకొన్నవి, కొందరు దిగినారు, కొందరు ఎక్కినారు.